పడని సూది

పోయిన వారం చదివినవాళ్లకు బుచ్చిరాములు ఎక్కడున్నాడో తెలుసు. చదవనివాళ్లు కంగారు పడనక్కర్లేదు, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. హనుమకొండలో ఒక దవాఖాన, రెండో అంతస్తు, మగవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. కొత్తవాడలో జీవితమంతా జంపఖానాలు, అదే నేల మీద పరిచే మందపు నూలు తివాచీలు, నేసిన మనిషి. మగ్గం దగ్గర ఇనుప మేకు దిగి కాలికి పుండైంది, పుండులోని క్రిమి నెత్తురులోకి ఎక్కింది. ఆ క్రిమికి పెన్సిలిన్ జాతి మందు చక్కగా సరిపోతుందని పరీక్షల్లో తేలింది. కానీ బుచ్చిరాములుకు పెన్సిలిన్ పడదు. పడదని ఆయన చెప్పాడు, ఆయన భార్య చెప్పింది, కొడుకు చెప్పాడు. అందుకని వేరే పెద్ద మందు ఎక్కిస్తున్నారు. అది క్రిమిని సగం సగంగా చంపుతూ మూత్రపిండాలను మాత్రం గట్టిగా పట్టుకుంది. మూత్రం తగ్గింది, మొహం ఉబ్బింది. "రేపటికి కూడ ఇట్లనే ఉంటే డయాలసిస్ గురించి ఇంట్లోళ్లతోని మాట్లాడాలె" అని డాక్టర్ రాజశ్రీ నర్సు అనసూర్యతో మెల్లగా అన్న మాట మంచం మీది బుచ్చిరాములు చెవిన పడింది. అక్కడ ఆగాం.

ఆ మాట విన్నాక ఆయన టిఫిన్ ముట్టలేదు. అదే మాట విన్న భార్య సావిత్రమ్మ బతిమాలితే రెండు గుక్కలు చాయ్ తాగి కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. వార్డు మొత్తానికీ కబుర్లు చెప్పే మనిషి నోరు మూసుకుంటే అందరికీ బెంగగా ఉంటుంది. పక్క మంచం ఆయనైతే రెండుసార్లు ఉత్తపుణ్యానికి దగ్గి చూశాడు, పలకరిస్తాడేమోనని.

అనసూర్యకు ఆ దవాఖానలో ఒక ప్రత్యేకమైన పని ఉంది. ఏ రోగికి ఏ యాంటీబయాటిక్ ఎక్కుతోంది, అది ఆ జబ్బుకు సరిపోయేదేనా, ఆపాల్సిన రోజు దాటిపోలేదు కదా అని మంచం మంచానికీ తిరిగి చూసుకోవడం. చూసి ఊరుకోదు, అడుగుతుంది. చిన్న డాక్టర్లు ఆమెను చాటుగా "ఎందుకు సిస్టర్" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కొంచెం గర్వం కూడా. కానీ బుచ్చిరాములు దగ్గర ఆమె ఇన్ని రోజులూ ఆ ప్రశ్న వేయలేదు. మందు పడదని ఇంటిల్లిపాదీ ఒకే గొంతుతో చెబుతుంటే ఎందుకు పడదని ఎవరు అడుగుతారు?

ఆ పొద్దున అడిగింది. స్టూలు లాక్కొని మంచం పక్కన కూర్చుంది.

"పెద్దయ్యా, ఆ పెన్సిలిన్ ముచ్చట జర మొదటి సంది చెప్పు. నేను సరిగ్గ వినలే."

బుచ్చిరాములు మెల్లగా ఇటు తిరిగాడు. ఆ ముచ్చట ఆయన ఆస్తి. పెళ్లిళ్లలో, చావుల్లో, చాయ్ హోటల్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ దానికి ఒక కొత్త అంచు వేస్తూ వచ్చాడు. ఉబ్బిన మొహంలోనే కొంచెం వెలుగు వచ్చింది.

"అప్పుడు నాకు కొత్తగ లగ్గమైంది బిడ్డా. వానకాలం. మా అవ్వ, బాపు, అన్నలు అందరు కేసముద్రంల పెండ్లికి పోయిండ్రు. ఇంట్ల నేను, ఈమె. నాకేమో గొంతు నొప్పి, చలిజరం. మా వాడల దేవదాస్ అని ఆర్‌ఎంపీ ఉండె. వచ్చి రెండు సూదులు ఇచ్చిండు. ఒకటి జరానికి, ఒకటి పెన్సిలిన్. ఇచ్చి ఇంక గడప దాటలే, నా ఒళ్లు భగ్గుమన్నది. ఊపిరి ఆడలే. కండ్లు తేలేసిన. ఒళ్లంత నెత్తురు లెక్క ఎర్రగ అయింది. యముడు వచ్చి నా కాళ్ల దిక్కు నిలబడ్డడు. నేను చూసిన."

పక్క మంచం ఆయన లేచి కూర్చున్నాడు. ఎదురు మంచం దగ్గరి ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గడప దాటకపోవుడేంది?" సావిత్రమ్మ బత్తాయి ఒలుస్తూ తలెత్తకుండానే అంది. "దేవదాసన్న నేను పెట్టిన చాయ్ తాగి, మా పెండ్లి ఫొటో చూసి పోయిండు."

"నీకేం తెల్సు, నువ్వు వంటింట్ల ఉన్నవ్."

అనసూర్య సావిత్రమ్మ వైపు తిరిగింది. "అవ్వా, ఊపిరి ఆడలేదంటాండు గదా, నువ్వు చూసినవా?"

"గురక పెట్టి నిద్రపోయిండు బిడ్డా. సూది ఇచ్చిన జర సేపటికి బాగ చెమటలు పట్టినయ్. జరం దిగింది. సాయంత్రం దాక లేవలే."

"అది గురక కాదు. ఊపిరి ఆడక వచ్చిన సప్పుడు."

"నలభై ఏండ్ల సంది రోజు అదే సప్పుడు వింటాన నేను."

వార్డులో ఒకరిద్దరు నవ్వారు. అనసూర్య నవ్వలేదు. ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి. మూతి గానీ నాలుక గానీ ఉబ్బిందా అని అడిగింది. లేదంది సావిత్రమ్మ. వాంతులు? లేవు. దురద పెట్టి గోక్కున్నాడా? నిద్రపోయేవాడు ఏం గోక్కుంటాడు.

"మరి ఒళ్లు ఎర్రగయిందన్నరు. దద్దుర్లు లేసినట్టా, బొబ్బల లెక్కనా?"

"దద్దుర్లు గాదు. చెయ్యి పెట్టి చూస్తే నున్నగనే ఉన్నది. ఉత్తగ ఎరుపు. పట్టెలు పట్టెలుగ."

"పట్టెలా?"

సావిత్రమ్మ బత్తాయి ఒళ్లో పెట్టుకొని నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి తన చేతికి అడ్డంగా ఆనించి చూపింది. "గిట్ల. ఇంత వెడల్పు ఎరుపు, ఇంత వెడల్పు మామూలు తోలు, మల్ల ఎరుపు. ఈపుకు, రొమ్ముకు, చేతులకు. మొహానికి లేకుండె. నాకు కాళ్లు చేతులు ఆడలే. ఉరికి పోయి దేవదాసన్నను మల్ల తోల్కొచ్చిన. ఆయన చూసి, మందు నరాల పొంటి పోయింది, ఈ జన్మల పెన్సిలిన్ ముట్టియ్యకు అన్నడు."

"విన్నవా," అన్నాడు బుచ్చిరాములు విజయంగా. "నరాల పొంటి."

అనసూర్య తండ్రి కూడా కొత్తవాడ నేతగాడే. ఆమె పుట్టింది, పాకింది, బళ్లో లెక్కలు చేసుకుంది మగ్గం పక్కనే. నరాలు మనిషి వీపు మీద అడ్డంగా, సమానమైన వెడల్పులో, దారం పట్టి గీసినట్టు ఉండవని చెప్పడానికి నర్సింగ్ చదవక్కర్లేదు. ఇంకో ప్రశ్న మిగిలింది.

"అవ్వా, ఆ ఎరుపు ఎట్ల పోయింది?"

"ఏపాకు నీళ్లు కాగవెట్టి తానం చేయించిన. ఒక్క తానానికే సగం పోయింది. నీళ్లు గూడ ఎర్రగనే పోయినయ్ బిడ్డా. ఒంట్లె ఉడుకంత దిగిందనుకున్న."

"ఆ పొద్దు చలికి వణుకుతుంటే ఏం కప్పినవ్?"

"దుప్పట్లన్ని వానకు తడిసినయ్. అప్పుడే మగ్గం మీదికెల్లి కోసిన జంపఖానాలు ఉంటే, మందంగ ఉన్నయ్ గదాని కింద ఒకటి పరిచి, మీద ఒకటి..."

సావిత్రమ్మ మాట ఆగింది. ఒళ్లోని బత్తాయి జారి మంచం కిందికి దొర్లింది. ఆమె దాన్ని చూడలేదు, తన నాలుగు వేళ్లనే చూసుకుంటోంది.

"ఏ రంగువి అవ్వా?" అనసూర్య మెత్తగా అడిగింది.

"ఎరుపు, తెలుపు," అంది సావిత్రమ్మ. "పట్టెలవి. ఇంక ఉతకలే వాటిని."

ఎదురు మంచం ఆవిడ నోటికి అడ్డం పెట్టుకున్న చెంగులోంచి నవ్వు తన్నుకొచ్చింది. అది పక్క మంచానికి పాకింది, అక్కడి నుంచి గోడ వరకూ పోయింది. అనసూర్య లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది. నర్సు రోగి మొహం మీద నవ్వకూడదు కదా. నవ్వు కన్నా ముందు ఆమెకు కళ్లలో నీళ్లు వచ్చాయి. అలర్జీ లేకపోతే ఈ మనిషి బతుకుతాడు. ఆ నీళ్లకు అంతకు మించిన అర్థం లేదు.

నేతగాళ్ల వాడలో నేతగాడి ఇంట్లో ఇంత పొరపాటు ఎలా జరిగిందని మీకు అనుమానం రావచ్చు. ఉతకని జంపఖానా తడి తగిలితే రంగు విడుస్తుందని కొత్తవాడలో అందరికీ తెలుసు. కానీ సావిత్రమ్మది మరిపెడ. పుట్టింటివాళ్లది కిరాణా కొట్టు, ఇంట్లో మగ్గమన్నది లేదు. కాపురానికి వచ్చి నెల కూడా కాలేదప్పటికి. తెలిసిన బుచ్చిరాములేమో జ్వరం మత్తులో ఒళ్లు తెలియకుండా పడున్నాడు, మిగతా తెలిసినవాళ్లందరూ కేసముద్రం పెళ్లిలో లడ్డూలు తింటున్నారు. వాళ్లు తిరిగొచ్చేసరికి రంగు పోయింది, కథ మిగిలింది. ఆ తర్వాత ఆమె నలభై ఏళ్లు ఆ రంగుల మధ్యే బతికింది, నూలు చుట్టింది, జంపఖానాలు ఉతికింది. అయినా ఆ రోజు సంగతినీ ఈ సంగతినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. ముచ్చట చెప్పేవాడు ఎప్పుడూ మొగుడే.

ఈ నవ్వుల మధ్యలో కొడుకు రమేశ్ టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చాడు. రాత్రంతా కిడ్నీ జబ్బుల గురించి ఫోన్లో చూసి చూసి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. సంగతి విని అతను నవ్వలేదు. డబ్బా టక్కున బల్ల మీద పెట్టాడు.

"నవ్వులాటనా సిస్టర్? మా బాపు పానం పోతాందని మేం పరేషాన్ల ఉంటే జంపఖానా ముచ్చట పెడ్తాండ్రు."

"నవ్వులాట కాదు తమ్మీ. బాపుకు పెన్సిలిన్ పడొచ్చు. డాక్టర్ మేడమ్‌కు చెప్పి పరీక్ష చేపిస్త."

"పడకపోతే? అవ్వకు వయసు మీద పడ్డది, ఎప్పటిదో యాదికి ఉంటదా? ఆ మందు ఎక్కించినంక ఏమన్నయితే మీరు తెచ్చిస్తరా మా బాపును?" అతని గొంతు పెరిగింది. "పెద్ద మందు పని చేయకపోతే దానికన్న పెద్దది తీయుండ్రి. లేకుంటే చెప్పుండ్రి, హైదరాబాద్ తీస్కపోత."

అనసూర్యకు చిరాకు వచ్చింది. వచ్చిన మాట నిజం. కానీ నిద్రలేక ఎర్రబడ్డ అతని కళ్లు చూశాక అది నిలవలేదు.

"నువ్వు భయపడుడు తప్పు కాదు. నాకు గూడ భయమే," అంది. "కానీ పెద్ద మందంటే మంచి మందని కాదు తమ్మీ. ఈ క్రిమికి అచ్చంగ సరిపోయేది ఆ పాత మందే. ఇప్పుడు ఎక్కేది బాపు కిడ్నీలను తింటాంది. ఇంక పెద్దదంటే, అది వేరే ఏ మందుకు లొంగని జబ్బులకని దాచిపెట్టుకునేది. అవసరం లేని కాడ వాడుకుంటపోతే క్రిములు దానికి గూడ అలవాటు పడ్తయ్. రేపు నిజంగ అవసరమై వచ్చినోళ్ల ముందర మేం ఉత్త చేతులతోని నిలబడాలె. ఆ వచ్చేది మల్ల మీ ఇంట్లోళ్లే కావచ్చు."

"మరి పడకపోతే?" రమేశ్ మళ్లీ అదే అడిగాడు. ఈసారి గొంతులో కోపం లేదు, అడగడమే ఉంది.

"ముందుగాల చేతి తోలు మీద సుక్కంత వేసి చూస్తం. ఏం కాకుంటేనే జరంత నరానికి. దానికి గూడ ఏం కాకుంటేనే మొత్తం. ఏమన్నయితే ఇయ్యాల్సిన మందు పక్కకే నింపి పెట్టుకుంటం. నేను ఈ స్టూలు మీదికెల్లి లేవ."

రమేశ్ తల్లి వైపు చూశాడు. సావిత్రమ్మ అప్పటికి తేరుకుంది.

"కప్పింది నేను, తానం పోసింది నేను," అంది. "నాకు మంచిగ యాదికున్నది. పరీక్ష చేయుండ్రి."

"నా ఒంటి సంగతి నన్నెవ్వరు అడుగరా?" బుచ్చిరాములు గొంతులో అవమానం మండుతోంది. నలభై ఏళ్ల యముడిని ఒక్క పొద్దున ఉతికి ఆరేస్తే ఎవరికైనా బాధే. "నాకు పడది. పడదంటే పడది."

"డయాలసిస్ మిషన్ పడ్తదా నీకు?" అంది భార్య.

ఆయన గోడ వైపు తిరిగాడు. గోడతోనే చెప్పాడు. "చేయుండ్రి. కానీ నేను సస్తే మాత్రం ఊకోను."

డాక్టర్ రాజశ్రీ అంతా విని, నవ్వు ఆపుకొని, అనసూర్య అడిగినవన్నీ సావిత్రమ్మను మళ్లీ ఒకటొకటిగా అడిగింది. తనవి ఇంకో రెండు కలిపింది. ఆ తర్వాత ఎప్పుడైనా ఆంపిసిలిన్ లాంటి, పెన్సిలిన్ జాతివే అయిన గొట్టం గోలీలు మింగాడా అని తరచి తరచి అడిగితే, ఒకసారి పన్నువాపుకు మెడికల్ షాపులో ఇచ్చిన అలాంటివే మింగాడని, ఏమీ కాలేదని బయటపడింది. "ఇది అలర్జీ లెక్క కొడ్తలేదు సిస్టర్. బాగ అడిగినవ్. అయినా ఒళ్లు దగ్గర పెట్టుకొనే చేద్దాం," అంది.

ముంజేతి మీద సన్నటి సూదితో చుక్క వేశారు. రమేశ్ మంచం పట్టె పట్టుకొని నిలబడ్డాడు. అనసూర్య ఆ చుక్కను చూస్తూ కూర్చుంది. తన మీద నమ్మకం లేక కాదు. నమ్మకం తప్పయితే పోయేది తన ప్రాణం కాదు, అదీ భయం. చుక్క ఉబ్బలేదు, ఎర్రబడలేదు. కాసేపటికి ఎక్కడ వేశారో కూడా కనబడకుండా పోయింది. రాజశ్రీ తలూపింది. కొంచెం మందు నరానికి ఇచ్చారు. మళ్లీ ఎదురుచూపు. నాడి, బీపీ, ఊపిరి, మళ్లీ నాడి.

"ఇంక ఏం కాలేదా?" బుచ్చిరాములు అడిగాడు. గొంతులో కొంచెం నిరాశ.

"ఏం కాలే పెద్దయ్యా."

"ఈపు మీద దురద ఉన్నట్టున్నది జర."

అనసూర్య చటుక్కున లేచి చొక్కా పైకి తీసి చూసింది. వీపు శుభ్రంగా ఉంది. సావిత్రమ్మ చెయ్యి పెట్టి గీకింది. "ఇది పెండ్లప్పటి సంది ఉన్న దురదే. పొద్దుమాపు గీకేది నేనే గదా," అంది.

అప్పుడు రమేశ్ నవ్వాడు. నవ్వుతూనే గోడకు ఆనుకొని కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. అతని భుజాలు ఊగుతుంటే నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

పెద్ద మందు ఆపేశారు. పాత మందు మొదలైంది. మర్నాటికి జ్వరం తగ్గుముఖం పట్టింది. ఆ మర్నాడు మూత్రం సంచీ నిండుతుంటే సావిత్రమ్మ దాన్ని దేవుడి పటం చూసినట్టు చూసింది. కిడ్నీ పరీక్షలో అంకె కిందికి దిగిందని, డయాలసిస్ మాట ఇక ఎత్తక్కర్లేదని రాజశ్రీ స్వయంగా వచ్చి చెప్పింది. అనసూర్య డ్యూటీ గదిలోకి పోయి, తలుపు వేసుకొని, కుర్చీలో కూర్చొని కాసేపు ఏమీ చేయలేదు. వీపు మీంచి బస్తా దించినంత హాయిగా ఉంది ఆమెకు. బయటికి వచ్చేసరికి రమేశ్ చాయ్ పట్టుకొని నిలబడ్డాడు.

"ఆ పొద్దు నోరు జారిన సిస్టర్. మనసుల పెట్టుకోకు."

"చక్కెర ఎక్కువేసినవ్," అంది అనసూర్య తాగి. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

బుచ్చిరాములు ఇడ్లీలు తిని కొత్త కథ మొదలుపెట్టాడు. ఈ కథలో జంపఖానా రంగు సంగతి ముందుగా కనిపెట్టింది తనే. పక్క మంచం ఆయన కాదనలేదు, ముచ్చట తిరిగొచ్చిందన్న సంతోషంలో.

ఆ సాయంత్రం చూడవచ్చేవాళ్ల వేళకు అనసూర్య మందుల ట్రాలీతో మెట్ల పక్క నుంచి వస్తోంది. మెట్ల మలుపులో ఒక అమ్మాయి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఇంటర్ చదివే వయసు. నాలుగు మెట్లు ఎక్కింది, ఆగింది. మళ్లీ రెండు ఎక్కింది, ఆగింది. ఆ ఊపిరి చప్పుడు పైనున్న అనసూర్యకు వినబడుతోంది. ట్రాలీ వదిలేసి రెండు మెట్లు కిందికి దిగింది.

"మా మనుమరాలు, తేజస్విని," వెనక నుంచి సావిత్రమ్మ అంది. ఎదురు రావడానికి వచ్చినట్టుంది. "రమేశ్ బిడ్డ. ఫికర్ చేయకు సిస్టరమ్మా, అది ఎప్పుడు గట్లనే ఆగి ఆగి ఎక్కుతది. చిన్నప్పుడు కీళ్లు వాచి జరమొచ్చింది. గుండెల ఏదో కవాటమట, పాడైతాందన్నరు. ఇంక పాడు కాకుంట నెలనెల ఒక సూది ఇయ్యాలె, ఏండ్లకేండ్లు ఇయ్యాలె అన్నడు ఆ డాక్టర్."

"ఇప్పిస్తాండ్రా?" అనసూర్య అడిగింది. అడుగుతుండగానే ఆ సూది ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. చేతిలోని మెట్ల కమ్మీ చల్లగా తగిలింది.

సావిత్రమ్మకూ అప్పుడే తెలిసింది. వార్డు తలుపు దగ్గర నిలబడ్డ రమేశ్ మొహంలో రంగు లేదు.

"అది పెన్సిలిన్ సూది సిస్టర్," అన్నాడు. "మా వంశానికే పడదని చెప్పిన. వద్దన్నది నేనే."

తేజస్విని పై మెట్టు మీదికి వచ్చింది. పెదవులు కొంచెం నీలంగా ఉన్నాయి. ఊపిరి తీసుకోవడం అయ్యేదాకా ఆగి, ముందు నానమ్మను, తర్వాత తండ్రిని చూసి నవ్వింది.

"తాతకు ఆ సూది పడ్డదట గదా," అంది. "మరి నాకు గూడ పడ్తదా?"